తెర మీద దొంగ, కల్లంలో తమ్ముడు

పాలల్లో నీళ్లు కలిపే మనిషిని మా అత్తయ్య క్షమించదు. పొద్దున్నే గిన్నెలో వేలు ముంచి, గోటి మీద చుక్క నిలబడిందో జారిందో చూస్తుంది. జారిందంటే పాలు పోసే ఆవిడకి వీధి చివరిదాకా వినపడేట్టు తలంటు. అదే అత్తయ్య, ఆ సాయంత్రమే టీవీ ముందు కాళ్లు చాపుకుని కూర్చుని, ఇద్దరిని చంపి గోదాము వెనక పాతిపెట్టిన మనిషి కోసం దణ్ణం పెడుతుంది. "ఈ ఒక్కసారికి పోలీసులకి దొరక్కుండా చూడు తండ్రీ" అని.

మొదట్లో నేను పగలబడి నవ్వేదాన్ని. "అత్తయ్యా, మీరు మొక్కుకునేది హంతకుడి కోసం" అంటే, "తెలుసులేవే. అయినా పిల్లాడి కోసమే కదా చేశాడు" అనేది. కొన్నాళ్లకి నా నవ్వు ఆగిపోయింది. పోలీసు జీపు ఆ గోదాము సందు తిరిగేసరికి నా చేతిలో చిక్కుడుకాయ సగం తుంచి అలాగే ఉండిపోతోంది. నేను దణ్ణం పెట్టడం లేదు, అంతే తేడా.

ఆ కథ పేరు చెప్పను. అలాంటివి ఇప్పుడు టీవీల్లోనూ ఫోన్లలోనూ బోలెడు వస్తున్నాయి, ఏది చూసినా నేను చెప్పబోయే మాటలు సరిపోతాయి. మేము చూసినదాంట్లో కథానాయకుడు మందుల గోదాములో గుమాస్తా. నెమ్మదస్తుడు. పై అధికారి పిలిస్తే ముందు చొక్కా గుండీలు సవరించుకునే రకం. కొడుకు జబ్బు పడతాడు. ఇతను గడువు దాటిన మందుల డబ్బాలకి కొత్త కాగితాలు అంటించడం మొదలుపెడతాడు. ఒక పెట్టెతో మొదలైనది లారీల దాకా పోతుంది. అడ్డొచ్చినవాళ్లు ప్రాణాలతో మిగలరు. భార్య అంటే ప్రేమ, కొడుకు అంటే ప్రాణం, మాట తప్పినవాడు కనబడితే ఒళ్లుమంట. మంచివాడు అనలేం. చెడ్డవాడు అందామంటే నోరు రాదు.

మాది వినుకొండ పక్కన మిరప వేసే ఊరు. నేను సేద్యం చేసే ఇంటి ఇల్లాలిని, తీరిక దొరికితే నాలుగు ముక్కలు రాసుకునేదాన్ని. ఇలాంటి దొంగల్ని మనం ఎందుకు నెత్తిన పెట్టుకుంటాం అన్నదాని మీద నాకు గట్టి అభిప్రాయాలే ఉన్నాయి. ఎవరూ అడక్కపోయినా చెబుతాను, అది నా అలవాటు.

మనం ముందు మెచ్చుకునేది వాడి పనితనాన్ని. మా బతుకులో మా చేతిలో ఉన్నది ఎంత? నారు పోస్తాం, ఆ తర్వాత వాన ఇష్టం. పూత వస్తుంది, అక్కణ్ణుంచి పురుగు ఇష్టం. కాయ ఎర్రబడుతుంది, గుంటూరు మిర్చి యార్డులో ఆ పొద్దు ధర కట్టేవాళ్ల ఇష్టం. ఏడాది పొడుగునా ఇంకొకరి ఇష్టం మీద బతికే మనిషికి, తను అనుకున్నది తనే చేసేసి తలుపేసుకుని వెళ్లిపోయే మనిషి కనబడితే కళ్లు విచ్చుకుంటాయి. వాడు చేసేది దొంగపనే. కానీ చేసేటప్పుడు వాడి చెయ్యి వణకదు. ఆ వణకని చెయ్యి చూడ్డానికే సగం మంది కూర్చుంటారని నా నమ్మకం.

పైగా వాడు మన తరఫున నాలుగు మాటలు అంటాడు. గుమాస్తాని గది బయట గంటల తరబడి నిలబెట్టిన అధికారిని, కొన్ని వారాల తర్వాత అదే గుమాస్తా అదే గది బయట నిలబెడతాడు. ఆ రోజు మా ఇంట్లో ఈల మోగింది. మా పొలం కాగితం కోసం ఒక ఆఫీసు వరండాలో నేను ఎన్ని మధ్యాహ్నాలు చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డానో నాకు తెలుసు. అక్కడ నోరెత్తలేదు. నా నోరు వాడు ఎత్తాడు, నేనెందుకు సంతోషపడకూడదు?

అసలు కిటుకు మాత్రం కెమెరాని ఎవరింట్లో పెట్టారన్నది. వాడి వంటగదిలో పెడతారు. వాడు ఉల్లిపాయలు తరగడం చూస్తాం, పిల్లాడి బూటు లేసు కట్టడం చూస్తాం, భార్య అలిగితే బిక్కమొహం వెయ్యడం చూస్తాం. వాడి మందులు మింగినవాళ్ల ఇళ్లకి ఆ కెమెరా వెళ్లదు. ఒకే ఒక్కసారి వెళ్లింది. ఎవరో ముసలాయన, ఆస్పత్రి మంచం, పక్కన మాత్రల డబ్బా. అత్తయ్య "మంచినీళ్లు తాగొస్తా" అని లేచిపోయింది. నేను కూరగాయల బుట్ట ముందుకి లాక్కున్నాను. ఈ వారం ఏం బాగాలేదని ఇద్దరం తేల్చేశాం.

మా ఆయన కూర్చుని చూడడు. "దొంగ వెధవ కథకి కరెంటు ఖర్చొకటి" అంటాడు. అని, భుజం మీద తువ్వాలుతో గుమ్మానికి ఆనుకుని, అయిపోయేదాకా నిలబడే చూస్తాడు.

అధికారిని గది బయట నిలబెట్టిన రోజు ఆ ఈల వేసింది మా తమ్ముడు. మా పుట్టిల్లు పొదిలి వైపు. అక్కడ బోర్లు ఎండిపోయి, వరసగా రెండేళ్లు చేను చేతికి రాక, వాడు పెళ్లాం పిల్లలతో మా ఊరొచ్చేశాడు. మా చేలకి ఆనుకుని కౌలుకి తీసుకుని మిరప వేశాడు. ఈ పంట కూడా పోతే వాడికి ఇంక సేద్యం లేదు. హైదరాబాదులో ఏదో అపార్టుమెంటు గేటు దగ్గర కుర్చీ ఒకటి వాడి కోసం కాచుకుని ఉంది, వాడి తోడల్లుడు మాట్లాడిపెట్టాడు. ఆ మాట ఎత్తితే తమ్ముడు అన్నం ముందునుంచి లేచిపోయేవాడు. చేలో పుట్టి చేలో పెరిగినవాణ్ణి గేటు దగ్గర ఊహించుకోవడానికి నాకూ మనసొప్పేది కాదు.

కోతలయ్యాక మా బతుకంతా కల్లంలోనే. ఊరి బయట చదును చేసిన నేల మీద పట్టాలు పరిచి ఎర్రకాయ ఆరబోస్తాం. రంగు తప్పి పాలిపోయిన కాయని తాలు అంటాం, దాన్ని కూలికి వచ్చిన ఆడవాళ్లు కూర్చుని ఏరేస్తారు. వాళ్లు కూడా పక్కన ఫోను నిలబెట్టుకుని ఇదే కథ వింటుంటారు. పోలీసు జీపు కూత వినబడితే చేతులు ఆగిపోతాయి, ఆ కాసేపట్లో తాలు వెళ్లి మంచి రాశిలో కలుస్తుంది. "వాడు దొరికినా దొరక్కపోయినా మన తాలు మనమే ఏరుకోవాలమ్మా" అని నేను కేకలేస్తే నవ్వుతారు. మా కాయా తమ్ముడి కాయా ఆ కల్లంలోనే పక్కపక్కన ఆరేవి.

ఇక్కడ మిరప సంగతి కొంచెం చెప్పాలి. బాగా ఎండిన కాయని అలాగే గోతంలో వేసి తొక్కితే విరిగి గింజ రాలిపోతుంది. అందుకని దానికి కాస్త పదును, అంటే తేమ, తగలాలి. చలిరోజుల్లో మంచు పడి ఆ పదును అదే వస్తుంది. తెల్లారగట్ల టిక్కీలు తొక్కేస్తాం, టిక్కీ అంటే కాయ కూరి కుట్టిన గోతం. శివరాత్రి దాటి మంచు తగ్గిందంటే మాత్రం, మందు కొట్టే పంపు శుభ్రంగా కడిగి, కాయ మీద నీళ్లు చిలకరించి, పట్టా కప్పి పదును చేసుకోవాలి. ఎంత చిలకరించాలి అంటే ఎవరైనా చెప్పేది ఒకటే మాట, "కాయ విరక్కుండా." నిజాయితీపరుడూ అదే అంటాడు, తూకం పెంచుకునేవాడూ అదే అంటాడు. ఆ నీళ్లకీ ఈ నీళ్లకీ మధ్యన గట్టు లేదు. మా మామగారు ఉన్న రోజుల్లో ఒక గుర్తు చెప్పేవారు. కాయ వంచితే విరక్కుండా వంగాలి, చెవి దగ్గర ఊపితే లోపల గింజ మోగాలి. మోగలేదంటే నీళ్లు ఎక్కువ పడ్డట్టు.

ఎక్కువ పడినా పైకి ఏమీ తెలియదు. ఆ టిక్కీ కోల్డ్ స్టోరేజీకి పోయి నెలల తరబడి ఉంటుంది, లోపల బూజు పడుతుంది. దాన్ని ఎవరూ పారబొయ్యరు, మర పట్టిస్తారు. కారం అయ్యాక నలుపు కనబడదు. ఏ ఊళ్లోనో ఎవరి పిల్లల కంచంలోకో పోతుంది.

మా టిక్కీల మీద మామగారి కాలం నుంచీ నీలిరంగుతో ఒక మార్కు వేస్తాం. యార్డులో ఆ మార్కు కనబడితే గోతం కోసి చెయ్యి పెట్టి చూసే తొందర ఎవరికీ ఉండదు. తమ్ముడి కాయ కూడా అదే మార్కుతో పోనిమ్మని మా ఆయనే అన్నాడు. బావమరిది నిలదొక్కుకోవాలని ఆయనకీ ఉంది, పైకి చెప్పడు.

లారీ రావాల్సిన రోజు పొద్దున్నే ఫ్లాస్కులో టీ పోసుకుని కల్లానికి వెళ్లాను. మా ఆయన లారీకి దారి చూపించడానికి రోడ్డు మీదికి వెళ్లాడు. ఏరేవాళ్లు ఇంకా రాలేదు. తమ్ముడు ఒక్కడే ఉన్నాడు. వాడి టిక్కీలు తొక్కేసి, కుట్టేసి, మార్కు వేసి, మా వాటి పక్కనే పేర్చి ఉన్నాయి. వాడికి టీ ఇచ్చి, నా గ్లాసు పట్టుకుని ఒకదానికి ఆనుకున్నాను. వీపుకి చల్లగా తగిలింది.

పొద్దుటి చల్లదనమేమో అనుకుని మా టిక్కీ మీద చెయ్యి వేసి చూశాను. అది అంత చల్లగా లేదు. తమ్ముడు అటు తిరిగి పట్టాలు మడతపెడుతున్నాడు. వాడి టిక్కీ కుట్టు సందులోంచి వేలు పెట్టి ఒక కాయ లాగాను. వంచితే మెత్తగా వంగింది. చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. ఏమీ వినబడలేదు. ఇంకోటి లాగాను, అదీ అంతే. ఇంకో టిక్కీలోంచి లాగినా అంతే.

నాకు ముందు వచ్చింది కోపం అనుకుంటారేమో. నేను చేసిన మొదటి పని రోడ్డు వైపు చూడటం, మా ఆయన వచ్చేస్తున్నాడేమోనని. "దేవుడా, వీడు దొరక్కూడదు" అనుకున్నాను. పైకే అనేశానేమో కూడా. ఆ మాట నా నోట్లోంచి అచ్చం అత్తయ్య గొంతుతో వచ్చినట్టనిపించింది. వీడింట్లో ఏం జరుగుతోందో చూడ్డానికి నాకు కెమెరా అక్కర్లేదు. వీడికి గోరుముద్దలు పెట్టింది నేనే. అదే నన్ను భయపెట్టింది.

"ఒరేయ్, ఇటు రా" అన్నాను.

వచ్చాడు. నా చేతిలో కాయ చూసి మొహం మారింది.

"నీళ్లు కొట్టావా?"

"కొట్టకుండా ఎట్టా తొక్కేది అక్కా? కాయ విరక్కుండా కాస్త కొట్టా."

"కాస్తా? ఇదిగో, ఊపి చూడు."

తీసుకోలేదు. నవ్వడానికి చూశాడు. "అందరూ కొట్టేదే. నువ్వేదో కొత్తగా చూసినట్టు మాట్లాడతన్నావు."

"అందరి సంగతి నాకెందుకురా? నీ కాయ సంగతి చెప్పు. ఇది లోపల బూజు పట్టి నల్లబడిపోయిద్ది. తినేవాళ్లు ఏమైపోవాలి? పైన వేసింది మీ బావ మార్కు. రేపు యార్డులో ఒక్కడు కోసి చూశాడంటే ఇన్నేళ్ల పరువు గంగలో కలిసిపోయిద్ది."

అప్పుడు వాడికి కోపం వచ్చింది. చేతిలో తాడు నేలకేసి కొట్టాడు. "టీవీలో వాడు మందుల డబ్బాల మీద కాగితాలు మారుస్తంటే గుడ్లప్పగించి చూశావు. వాడు తప్పించుకుంటే ఊపిరి పీల్చుకున్నావు. పక్కనే కూర్చున్నా, నేను చూడలేదా? వాడికి ఒక పిల్లాడుంటే నాకు ఇద్దరున్నారు. ఈ కాయ బరువు తూగకపోతే నేను పోయి ఎవడి గేటు దగ్గరో కూర్చోవాలి, వచ్చే పోయే కారుకల్లా సలాం కొట్టాలి. ఎవడో ముక్కూమొహం తెలియనివాడి మీద అంత జాలిపడ్డావే, సొంత తమ్ముడి దగ్గరికొచ్చేసరికి నీతులు గుర్తొచ్చినయ్యా నీకు?"

పనితనం, నోరెత్తడం, కెమెరా అని ఇంతసేపూ చెప్పానే, అందులో ఒక్కటీ ఆ పొద్దున నాకు పనికిరాలేదు. వాడు అడిగిన ప్రశ్న న్యాయమైనదే. చల్లారిన టీ పక్కన పారబోశాను.

అనేశాక వాడే తగ్గాడు. చిన్నప్పటినుంచీ అంతే, అరిచిన వెంటనే పక్కకొచ్చి నిలబడతాడు. "నువ్వు భయపడబాక అక్కా" అన్నాడు మెల్లగా. "మనింటి కాయలకి చుక్క తగలనీలేదు. ముందే తీసిపెట్టా, రా చూపిస్తా."

ఇంటి కాయలు ముందే తీసిపెట్టుకోవడం మా దగ్గర ప్రతి ఇంట్లో ఉన్నదే. ఏడాదికి సరిపడా కారానికీ పచ్చళ్లకీ మంచి రంగున్న కాయ ఏరి పక్కన పెట్టాకే మిగతాది గోతాలకెక్కుతుంది. వాడు నన్ను కల్లం పాకలోకి తీసుకెళ్లాడు. మూలన రెండు చిన్న సంచులు. ఒకటి వాళ్లింటికి, ఒకటి మా ఇంటికి. మూతి విప్పి చూపించాడు. తొడిమలన్నీ వాడే కూర్చుని తీశాడు. ఒక కాయ తీసి నా చెవి దగ్గర ఊపాడు, గలగలా మోగింది. "బావకి మరీ ఘాటైతే కడుపులో మంట కదా, మీ సంచిలోకి వేరేగా చూసి ఏరా" అన్నాడు.

ఏ చెల్లెలు, ఏ కూతురు ఇంత శ్రద్ధగా ఏరుతుంది? మరుక్షణంలోనే ఆ గుమాస్తా గుర్తొచ్చాడు. కొడుక్కి మందులు కావలసి వస్తే వాడు బస్సెక్కి పట్నం వెళ్లి, పేరున్న షాపులో, డబ్బా తిప్పితిప్పి గడువు చూసి మరీ కొనేవాడు. అది చూసి మా ఇంటిల్లిపాదీ "ఎంత ప్రేమ!" అనుకున్నాం. ప్రేమే, అందులో అనుమానం లేదు. ఆ ప్రేమంతా వాడి గడప లోపలే ఉంది. గడప దాటాక ఉన్నవాళ్లెవరూ వాడికి మనుషుల్లా కనబడలేదు, వాడి వెనకాల కూర్చుని చూసిన మాకూ కనబడలేదు. ఇప్పుడు ఆ గడప లోపల నా సంచి కూడా ఉంది. అప్పుడొచ్చింది నాకు కోపం, అరికాలినుంచి వచ్చింది.

పంపు పాక గుంజకి ఆనించి ఉంది. అడుగున ఇంకా నీళ్లున్నాయి. తీసుకొచ్చి వాడి చేతిలో పెట్టాను.

"కొట్టు."

"దేని మీద?"

"ఈ రెండు సంచుల మీద. వాటికి ఎంత కొట్టావో వీటికీ అంతే కొట్టు. కొట్టి మూతి కట్టెయ్. ఏడాదంతా నీ పిల్లలూ మేమూ ఇదే తిందాం. అప్పుడు ఆ టిక్కీలు లారీ ఎక్కిద్దాం. మీ బావకి నేను ఒక్క ముక్క చెప్పను, ఒట్టు."

"వేళాకోళమా అక్కా?"

"నా మొహం చూసి చెప్పు వేళాకోళమో కాదో."

చూశాడు. పంపు భుజానికి తగిలించుకున్నాడు. గొట్టం పట్టుకుని నొక్కాడు, సన్నటి నీళ్లు పాక నేల మీద పడ్డాయి. సంచి అరగజం దూరంలో ఉంది. గొట్టం కాస్త పక్కకి తిప్పితే చాలు. దూరంగా లారీ మలుపు తిరుగుతున్న చప్పుడు వినబడింది. వాడు కొట్టేస్తే నా గతేమిటని అప్పుడు తట్టింది నాకు. ఒట్టు పెట్టాను కదా, ఎక్కించాల్సిందే. నోరు మూసుకుని నిలబడటం నాకు పుట్టుకతో చేతకాని పని, అయినా నిలబడ్డాను. ఏ పోలీసు జీపు కోసమూ నా గుండె అలా కొట్టుకోలేదు.

వాడు గొట్టం వదిలేశాడు. పంపు దించి, గూట్లో ఉన్న కత్తి తీసుకుని, నా వైపు చూడకుండా బయటికి వెళ్లాడు. మొదటి టిక్కీ కుట్టు పర్రున కోశాడు. ముదురు రంగు తిరిగిన తడికాయ ముద్దగా జారి పట్టా మీద పడింది. రెండోది కోశాడు.

ఆ కాయ మళ్లీ ఆరి యార్డుకి పోయేసరికి ధర దిగిపోయింది. ఈ ఏడు కూడా ఆ పక్క చేలో నారు నాటింది మాత్రం వాడే. కౌలు ఎలా నిలబెట్టుకున్నాడు, ఎవరెవర్ని బతిమాలుకున్నాడు అన్నది వాడి కష్టం, వాడు చెప్పుకోవాలి.

ఆ పొద్దున వాడింకా కోస్తుండగానే లారీ కల్లంలోకి వచ్చి ఆగింది. మా ఆయన దిగి, కోసిన గోతాలు చూసి, "ఏందిది? కుట్టినవాటిని కోస్తన్నావెందుకు?" అన్నాడు.

నా దగ్గర అబద్ధం సిద్ధంగా ఉంది. "తాలు ఎక్కువ కలిసిందండీ, మళ్లీ ఏరిద్దామని..." అని మొదలుపెట్టేశాను కూడా.

"కాదు బావా" అన్నాడు తమ్ముడు. "నీళ్లు కొట్టా. తూకానికి. అక్క పట్టుకుంది."

అన్ని వారాల కథలో ఆ గుమాస్తా నోట ఇలాంటి మాట మేము ఒక్కసారి కూడా వినలేదు. మా ఆయన కిందికి వంగి ఒక కాయ తీశాడు, చెవి దగ్గర ఊపాడు, పడేశాడు. డ్రైవరు హారన్ కొడితే, మా టిక్కీలు మాత్రం ఎక్కించమని చేత్తో చూపించాడు. తర్వాత తువ్వాలు తలకి చుట్టుకున్నాడు.

"ఆ పట్టా కొస పట్టుకో. ఎండెక్కేలోపు పలచగా పరవాలి."

తమ్ముడు కదల్లేదు. ఖాళీ గోతాల మీద నీలిరంగు వైపు చూస్తూ, "ఈ మార్కు కొట్టేస్తాలే బావా" అన్నాడు.

"ఎందుకు కొట్టెయ్యడం?" అన్నాడు ఆయన, పట్టా రెండో కొస తను అందుకుంటూ. "ఆరినాక మళ్లీ ఆ గోతాల్లోనేగా నువ్వు తొక్కేది."

నాకు ఏడుపొచ్చింది. మిరప ఘాటుకని ఎవరికీ అబద్ధం చెప్పలేదు.